గుజ్జు

బల్లార్‌పూర్‌లో వాసనకు షిఫ్టులుండవు.
ఉడికిన వెదురు, మురిగిన క్యాబేజీ,
పండక్కి కూడా సెలవు తీసుకోని గొట్టం.
మా బాపు పోచమల్లు ఆ వాసన తొడుక్కునే
ఇంటికొచ్చేవాడు,
చొక్కా లోపల, పొట్టకు ఆనించి
ఒక పుస్తకం.

చిత్తుకాగితాల లారీలు మిల్లు గోదాముకు వచ్చేవి.
పరీక్ష పేపర్లు, శుభలేఖలు, రైల్వే రసీదులు,
వాటి మధ్యలో
ఏ ఊళ్ళో ఏ అద్దె పుస్తకాల బడ్డీ మూతపడిందో గాని,
తెలుగు నవలలు.
నడుము విరిగినవి, సగం అట్టవి,
చివరి పేజీలు చెదలకు ఫలహారమైనవి.
గుజ్జు తొట్టి నోరు తెరిచే లోపల
బాపు ఒక్కదాన్ని బయటికి లాగేవాడు.
దొంగతనమే.
గేటు దగ్గర బన్సోడ్ తడిమి చూసేవాడు.
చేతికి పుస్తకం తగిలితే నవ్వేవాడు:
"ఆజ్ కోణ్‌తం భూత్ రే?"
ఇవాళ ఏ దయ్యం పోతోంది ఇంటికి?

నాకు బడిలో మరాఠీ.
ఆ అక్షరాలు దండెం మీద ఆరేసిన బట్టలు,
ఒకే తాడుకు బుద్ధిగా వేలాడేవి.
తెలుగువి అలా కాదు.
చాటలోంచి ఒలికిన శనగలు.
ఎటు దొర్లుతాయో తెలీదు.
అ అంటే అమ్మ అని నాకెవరూ చెప్పలేదు.
నేను నేర్చిన మొదటి అక్షరం క్ష.
క్షుద్రపూజలో క్ష,
అంచుల నుంచి ఎర్రసిరా కారుతున్న క్ష.
ఒత్తులన్నీ నాకు మాంత్రికుడే దిద్దించాడు.

ఎండాకాలం రాత్రి, రేకుల క్వార్టర్ల ముందు,
మంచాలన్నీ వీధిదీపం కిందికి జరిగేవి.
బాపు చదివేవాడు 'రాగిపళ్ళ రాణి'.
మనుషులు మరిచిపోయిన రేవు.
ఒంటికన్ను కత్తివీరుడు ధూమ్రవర్మ.
ఉప్పు బావి అడుగున పేరు లేనిది ఒకటి.
"దాన్ని వర్ణించడానికి మాటలు చాలవు" అని రాసి
ఆ రచయిత మూడు పేజీలు వర్ణించాడు.
మూడు పేజీలూ ఎవ్వరూ దగ్గలేదు.
జంగుబాయి కోసం మధ్యలో గోండిలోకి దూకి,
బన్సోడ్ కోసం మరాఠీలో ఈది,
బాపు మళ్ళీ తెలుగులో ఒడ్డెక్కేవాడు.
బొగ్గుగనిలో దిగే సోమ్లా మాత్రం
"బావిల ఏమున్నదో అప్పుడే చెప్పకు, కాకా" అనేవాడు.
రోజూ భూమి కిందికి పోయి వచ్చేవాడు
ఆ మాట అనడం
నాకు చాలా ఏళ్ళదాకా అర్థం కాలేదు.

అప్పులాయనకు పేరుంది.
సూపర్‌వైజర్‌కు పేరుంది, మోటార్‌సైకిలుంది.
అమ్మ దగ్గుకు కూడా డాక్టరు చీటీ మీద
ఏదో పేరు రాసిచ్చాడు.
పేరు లేని భయం మాకు ఆ మంచాల మీదే దొరికేది.
పేజీ మూస్తే అది వదిలిపోయేది.
మిగతావేవీ
అంత మర్యాదగా వదల్లేదు.

చివరి పేజీలు లేవు కదా.
ఆ సంగతి బాపు ఎవరికీ చెప్పలేదు.
ఉత్త గాలిలో కళ్ళు అటూ ఇటూ కదుపుతూ
చదువుతున్నట్టే చెప్పేవాడు.
ఒకసారి రాణి సముద్రమైంది.
ఒకసారి బావిలోది ధూమ్రవర్మ తమ్ముడే అయింది.
ఒకసారి, అమ్మ దవాఖానలో ఉన్నప్పుడు,
ఎవ్వరూ చావలేదు.

పోయిన నెల మంచిర్యాల ఫుట్‌పాత్ మీద
మొత్తం పుస్తకం దొరికింది. ఇరవై రూపాయలు.
టీ బండి పక్కన నిలబడే వెనక పేజీ తిప్పాను.
రాణి నవ్వింది. రాగిపళ్ళు తళుక్కుమన్నాయి.
కింద చిన్న అక్షరాల్లో:
'రెండో భాగం త్వరలో'.
ఏ సంవత్సరపు త్వరలో అది?
బండివాడిని అడిగితే రెండో భాగమా, అన్నాడు,
నేనేదో రెండో చంద్రుణ్ణి అడిగినట్టు.

బాపుకు ఫోన్ చేశాను.
"దొరికిందే! ఆఖర్ల ఏమున్నది మరి?"
అవతల మిల్లు సైరన్, ఆయన ఊపిరి.
"నువ్వు చెప్పిందే ఉంది బాపూ."
కాసేపు ఏమీ వినబడలేదు.
"ఏది బిడ్డా?
మస్తు చెప్పిన గద నేను."